కంచం దాకా రాకముందే

ఆహారంలో క్యాన్సర్ కారక రసాయనాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చదివేవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోవడం చూస్తుంటాను. మొదటి వర్గం వెంటనే మానేయవలసిన పదార్థాల జాబితా అడుగుతుంది. రెండో వర్గం, ఏది తిన్నా క్యాన్సరేనంటున్నారు కనుక ఇక దేన్నీ పట్టించుకోనక్కర్లేదని చేతులు దులుపుకుంటుంది. పైకి ఒకరికొకరు ఎదురు నిలిచినట్టున్నా, ఈ ఇద్దరి మాటకూ ఆధారమైన నమ్మకం ఒక్కటే: ముప్పు తేలేది తినేవాడి ఎంపిక దగ్గరేనని, కాబట్టి జాగ్రత్తపడినా గాలికి వదిలేసినా ఆ భారం అతడిదేనని. నేను కాదనబోయేది ఆ నమ్మకాన్నే. ఆహారం ద్వారా మనిషికి క్యాన్సర్ తెస్తున్నట్టు గట్టిగా రుజువైన కాలుష్యాల్లో అతి ప్రమాదకరమైనవి కంటికి కనిపించవు, నాలుకకు తెలియవు, ఏరి పక్కన పెట్టడానికి వీలివ్వవు. ధాన్యం ఆరబెట్టిన తీరులో, బావి తవ్విన లోతులో, పశువుల దాణాలో కలిసిన కొవ్వులో వాటి సంగతి ముందే తేలిపోతుంది. మన భయం మాత్రం ఎక్కువగా పొట్లాల మీద అచ్చువేసిన పేర్ల చుట్టూ తిరుగుతుంటుంది.

ఆ భయానికి తరచూ ఆధారంగా చూపేది ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరణను. ఆ సంస్థ పదార్థాలను 1, 2ఎ, 2బి, 3 అనే గ్రూపులుగా విడదీస్తుంది; అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఉన్నవి గ్రూపు 1లో ఉంటాయి. ఒక పదార్థం క్యాన్సర్ తేగలదనడానికి సాక్ష్యం ఎంత బలంగా ఉందో గ్రూపు సంఖ్య చెబుతుంది. ఎంత మోతాదులో, ఎంతమందికి తెస్తుందో చెప్పదు. 2015 అక్టోబరులో ఉప్పు, నైట్రైట్, పొగ వంటివాటితో నిల్వచేసే మాంసాన్ని ఆ సంస్థ గ్రూపు 1లో చేర్చినప్పుడు, అది పొగాకుతో సమానమన్న అర్థం వచ్చేలా ప్రపంచమంతటా శీర్షికలు వెలువడ్డాయి. రోజుకు 50 గ్రాముల చొప్పున అలాంటి మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందన్నది ఆ సంస్థ అంచనా. జీవితకాలంలో 100 మందిలో 5గురికి వచ్చే జబ్బు అనుకుంటే, ఆ లెక్కన దాదాపు 6గురికి వస్తుంది. ఈ రకం మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 34,000 క్యాన్సర్ మరణాలు, పొగాకు వల్ల సుమారు 10 లక్షల క్యాన్సర్ మరణాలు అని అప్పట్లో ఆ సంస్థ తన వివరణలోనే ఉదహరించింది. ఒకే గ్రూపులో ఉన్న రెండింటి మధ్య అంత దూరం ఉంది.

2023 జులైలో ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపిపదార్థం విషయంలోనూ ఇదే జరిగింది. లియోన్ సంస్థ దాన్ని పరిమిత సాక్ష్యంతో 2బిలో పెట్టింది. అదే సమయంలో ఆహార సంకలితాలపై, అంటే ఆహారంలో కావాలని కలిపే పదార్థాలపై, ఏర్పాటైన అంతర్జాతీయ సంయుక్త నిపుణుల సంఘం, శరీర బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదన్న పాత పరిమితిని మార్చవలసిన అవసరం లేదని చెప్పింది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే, ఆస్పర్టేమ్ కలిపిన పానీయం రోజుకు 9 నుంచి 14 డబ్బాలకు పైగా తాగాలి. రెండు సంస్థలూ పరస్పరం కొట్లాడుకున్నట్టు చాలామంది రాశారు గానీ, అవి జవాబు చెప్పినవి వేర్వేరు ప్రశ్నలకు. తేగలదా అన్నది ఒక ప్రశ్న. మనకు అందే మోతాదులో ఏ మేరకు తెస్తుందన్నది మరో ప్రశ్న.

మోతాదు తక్కువైతే భయం లేదని దీనికి అర్థం చెప్పుకునేవాళ్లు కూడా తొందరపడుతున్నట్టే. కణంలోని డీఎన్ఏను నేరుగా దెబ్బతీసే పదార్థాలకు, ఇంతకంటే తక్కువైతే ఏ హానీ ఉండదని చెప్పగల గీత ఉన్నట్టు ఎవరూ నిరూపించలేదు. అందుకే యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ ఇలాంటి పదార్థాల విషయంలో సురక్షిత పరిమితి అనే మాట వాడకుండా ఒక ఎడాన్ని లెక్కగడుతుంది. జంతువుల్లో క్యాన్సర్‌ను పది శాతం మేర పెంచే మోతాదుకూ, మనుషులకు ఆహారంలో అందుతున్న మోతాదుకూ మధ్య ఎన్ని రెట్ల తేడా ఉందో చూస్తుంది. 10,000 రెట్లు, అంతకు మించి ఉంటే ప్రజారోగ్యపరంగా ఆందోళన తక్కువని భావిస్తుంది. పరిపూర్ణమైన కొలబద్ద కాకపోయినా, దేన్ని ముందు పట్టించుకోవాలో చెప్పడానికి ఇది పనికొస్తుంది.

ఈ కొలబద్దతో చూసినప్పుడు నిజంగా కలవరపెట్టే పదార్థం ఎక్రిలమైడ్. దాని కథ ఆహారంతో ఏ సంబంధమూ లేని చోట మొదలైంది. స్వీడన్ దక్షిణ భాగంలోని హాలండ్సోస్ కొండల్లో రైలు సొరంగం తవ్వుతున్నప్పుడు, 1997లో నీటి ఊటలను ఆపడానికి ఎక్రిలమైడ్ ఉన్న పూడిక పదార్థాన్ని వాడారు. అది సరిగా గట్టిపడక వాగుల్లోకి చేరింది. చేపలు చచ్చిపోయాయి, ఆ నీళ్లు తాగిన ఆవులు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి, కార్మికుల్లో కొందరికి నరాల బాధలు మొదలయ్యాయి. ఎవరి ఒంట్లో ఎంత చేరిందో తెలుసుకోవడానికి పరిశోధకులు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న ఎక్రిలమైడ్ గుర్తులను కొలిచారు. పోలిక కోసం, సొరంగంతో ఏ సంబంధమూ లేని మామూలు మనుషుల రక్తాన్నీ పరీక్షిస్తే, అందులోనూ ఊహించినదానికంటే ఎక్కువ కనిపించింది. అది ఎక్కడి నుంచి వస్తోందని వెతుక్కుంటూ పోగా, 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార సంస్థ, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి జవాబు ప్రకటించారు: పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని బాగా వేడిమీద వేయించినప్పుడు, కాల్చినప్పుడు అందులోనే ఎక్రిలమైడ్ పుడుతోంది. యాస్పరాజిన్ అనే అమైనో ఆమ్లమూ కొన్ని చక్కెరలూ సుమారు 120 డిగ్రీలు దాటిన వేడిలో కలిసినప్పుడు జరిగే చర్య ఇది. వేయించిన పదార్థానికి బంగారు రంగునూ కమ్మటి వాసననూ ఇచ్చే చర్య కూడా ఇదే కుటుంబానికి చెందినది.

అంటే మనుషులు రొట్టె కాల్చడం నేర్చిన నాటి నుంచీ దీన్ని తింటున్నారన్నమాట. ఏ కర్మాగారమూ కలపలేదు, ఏ వ్యాపారీ కల్తీ చేయలేదు. 2015లో యూరోపియన్ సంస్థ లెక్కగట్టిన ఎడం, సగటు పెద్దవాళ్లకు 425 రెట్లు, ఎక్కువగా తినే పసిపిల్లలకు 50 రెట్లు మాత్రమే వచ్చింది. కోరుకునే 10,000కు ఇది చాలా దూరం. మరోపక్క, మనుషుల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో చాలా రకాల క్యాన్సర్లకూ ఆహారంలోని ఎక్రిలమైడ్‌కూ స్థిరమైన సంబంధం బయటపడలేదు. ఎలుకలు చెప్పినదాన్నీ మనుషులు చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, నేనైతే ఇలా అనుకుంటాను: ఇది భయపడవలసిన పదార్థం కాదు, తగ్గించుకోవలసిన పదార్థం. మాడేదాకా వేయించకుండా లేతరంగులో దింపేయడం, చక్కెరలు పెరిగిపోయేంత అతిచల్లటి చోట బంగాళాదుంపలను ఉంచకపోవడం, పెద్ద ఎత్తున తయారుచేసే చోట యాస్పరాజిన్‌ను ముందే విరిచేసే ఎంజైము వాడడం, ఇవన్నీ చేయగలిగినవే. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న నిబంధన తయారీదార్లను అడుగుతున్నదీ ఇలాంటి పనులనే.

ఎక్రిలమైడ్ ఉదాహరణ ఒక పాత వాదాన్ని గుర్తుచేస్తుంది. బ్యాక్టీరియాతో రసాయనాలను పరీక్షించే ప్రసిద్ధ పద్ధతిని కనిపెట్టిన బ్రూస్ ఏమ్స్, 1990లో తన సహచరులతో కలిసి ఒక లెక్క ప్రచురించాడు. అమెరికన్లు తినే పురుగుమందుల్లో, బరువు ప్రకారం చూస్తే, 99.99 శాతం మొక్కలు పురుగుల బారి నుంచి కాపాడుకోవడానికి తమంతట తాము తయారుచేసుకునేవేనని, మనిషి రోజుకు సగటున వాటిని సుమారు 1.5 గ్రాములు తింటుంటే కృత్రిమ పురుగుమందుల అవశేషాలు 0.09 మిల్లీగ్రాములేనని అతడు చూపించాడు. అప్పటికి ఎలుకల మీద పరీక్షించిన 52 సహజ విషాల్లో 27 క్యాన్సర్ తెచ్చినవే. సహజమైనదంతా మంచిదన్న భ్రమను ఇంతకంటే బలంగా దెబ్బకొట్టిన వ్యాసం నేను చదవలేదు. అయితే దాన్ని పట్టుకుని, కృత్రిమ అవశేషాల గురించి ఆలోచించడమే అనవసరమని వాదించేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ అవశేషాలు అంత తక్కువగా ఉండడానికి దశాబ్దాలుగా పరిమితులు పెట్టి, నమూనాలు తీసి, శిక్షలు వేయడం చాలావరకు కారణం. కాపలా ఉన్న ఇంట్లో దొంగతనం జరగలేదు కనుక కాపలా అక్కర్లేదన్నట్టుంది ఆ వాదన.

చట్టం కూడా ఒక్కోసారి భయం వెంటే నడిచింది. మనుషుల్లో గానీ జంతువుల్లో గానీ క్యాన్సర్ తెస్తుందని తేలిన ఏ సంకలితాన్నీ, ఎంత తక్కువ మోతాదులోనైనా అనుమతించకూడదని 1958లో అమెరికా చట్టంలో డెలానీ నిబంధన చేరింది. మరుసటి సంవత్సరం నవంబరులో, క్రాన్‌బెర్రీ పండ్లలో కొన్నింటికి ఎమినోట్రయజోల్ అనే కలుపుమందు అంటిందని ప్రభుత్వం ప్రకటించేసరికి, థ్యాంక్స్‌గివింగ్ పండగ ముందు దేశమంతటా ఆ పండ్ల అమ్మకం కుప్పకూలింది. 1977లో ఎలుకలకు మూత్రాశయ క్యాన్సర్ తెచ్చిందని శాకరిన్‌ను నిషేధించబోయారు. ప్రజల గొడవతో నిషేధం ఆగి, హెచ్చరిక అచ్చువేయడంతో సరిపెట్టారు. ఆ క్యాన్సర్ మగ ఎలుకల మూత్రంలోని ప్రత్యేక పరిస్థితి వల్ల వచ్చేదని, మనుషులకు వర్తించదని తేలాక 2000లో ఆ హెచ్చరికనూ తీసేశారు. 1958లో పదిలక్షల భాగాల్లో ఒక భాగాన్ని పట్టుకోవడమే గొప్పయితే, తర్వాత వచ్చిన పరికరాలు వందకోట్లలో ఒక భాగాన్ని కూడా చూపించసాగాయి. కొలిచే శక్తి పెరిగేకొద్దీ సున్నా అన్నది వెనక్కి జరుగుతూ పోయింది. చివరికి 1996లో పురుగుమందుల అవశేషాలను డెలానీ నిబంధన పరిధి నుంచి తప్పించారు.

నైట్రైట్ గురించి ఒక్కమాట చెప్పి ముందుకు వెళ్తాను. మాంసానికి నైట్రైట్ చేర్చేది రంగు కోసమే కాదు, బోటులిజం అనే ప్రాణాంతక జబ్బును పుట్టించే బ్యాక్టీరియాను అణచడానికి కూడా. అదే నైట్రైట్, మాంసకృత్తుల నుంచి వచ్చే అమీన్లతో కలిసి నైట్రోసమీన్లుగా మారగలదు. ఆ వర్గానికి చెందిన ఒక పదార్థం ఎలుకల కాలేయానికి క్యాన్సర్ తెస్తుందని మ్యాగీ, బార్న్స్ అనే శాస్త్రవేత్తలు 1956లోనే చూపించారు. ఆ చర్యను అడ్డుకోవడానికి విటమిన్ సి కలపడం ఆనవాయితీ అయింది. ఒక ముప్పును ఆపబోతే ఇంకొకటి ఎదురైంది, దానికీ కొంత విరుగుడు దొరికింది. ఆహార భద్రతలో చాలా నిర్ణయాలు ఇలాంటివే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1960లో ఇంగ్లండ్‌లో కొన్ని నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కాలేయం చెడి చచ్చిపోయాయి. కారణం తెలియక మొదట దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క కలిపిన దాణా దగ్గర ఆనవాలు దొరికింది. ఆ చెక్కలో పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషానికి ఆ బూజు పేరు మీదుగానే అఫ్లాటాక్సిన్ అన్న పేరు వచ్చింది. అఫ్లాటాక్సిన్లలో బి1 అనే రకం ఇప్పటిదాకా తెలిసిన కాలేయ క్యాన్సర్ కారకాల్లో అత్యంత శక్తిమంతమైన వాటిలో ఒకటి. విచిత్రమేమిటంటే, తిన్న రూపంలో అది డీఎన్ఏను ఏమీ చేయదు. బయటి పదార్థాలను వదిలించుకోవడానికి కాలేయంలో ఉన్న ఎంజైములే దాన్ని చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం డీఎన్ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు అతుక్కుంటుంది. ఆ అతుకు సరిదిద్దుకోకముందే కణం విభజన చెందితే అక్షరం తప్పుపడుతుంది. కణాలను అదుపులో ఉంచే టీపీ53 జన్యువులో 249వ స్థానంలో జరిగే ఒక నిర్దిష్టమైన మార్పు, ఈ విషం ఎక్కువగా ఉన్న ప్రాంతాల కాలేయ కణితుల్లో పదేపదే కనిపిస్తుంది. ఆహారంలోని ఒక కాలుష్యం తన చేతివ్రాతను కణితిలో ఇంత స్పష్టంగా వదిలిపెట్టి వెళ్లడం అరుదు.

ఒంటరిగానే ప్రమాదకరమైన ఈ విషం, హెపటైటిస్ బి వైరస్ తోడైతే ఎంతటి ముప్పవుతుందో షాంఘైలో 18,000 మందికి పైగా పురుషులను గమనించిన అధ్యయనం చూపించింది. 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ రెండూ లేనివాళ్లతో పోలిస్తే, మూత్రంలో అఫ్లాటాక్సిన్ జాడలు మాత్రమే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3.4 రెట్లు, వైరస్ మాత్రమే ఉన్నవాళ్లకు 7.3 రెట్లు, రెండూ ఉన్నవాళ్లకు 59 రెట్లు ఉంది. పసిపిల్లలకు వేసే హెపటైటిస్ బి టీకా కూడా ఒక రకంగా ఆహార భద్రతా చర్యేనని నేను అనడానికి కారణం ఇదే. ఆ మాట ఏ ఆహార శాఖ ప్రణాళికలోనైనా రాసి ఉంటే చూడాలని ఉంది. ప్రపంచంలో ఏటా వచ్చే ఐదున్నర నుంచి ఆరు లక్షల కాలేయ క్యాన్సర్లలో 25,200 నుంచి 1,55,000 దాకా అఫ్లాటాక్సిన్ ప్రమేయంతో వచ్చేవి కావచ్చని 2010లో ఒక అంచనా వెలువడింది. ఆ రెండు సంఖ్యల మధ్య అంత వెడల్పు ఉండడమే, ఎక్కువగా బాధపడే ప్రాంతాల్లో ఎంత తక్కువ కొలుస్తున్నామో చెబుతుంది.

క్యాన్సర్ దాకా వేచి ఉండకుండా నేరుగా చంపిన సందర్భాలూ ఉన్నాయి. పశ్చిమ భారతంలో 1974లో బూజుపట్టిన మొక్కజొన్న తిన్నవారిలో 397 మంది జబ్బుపడగా 106 మంది చనిపోయారు. కెన్యాలో 2004లో 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. అక్కడ పరీక్షించిన మొక్కజొన్న నమూనాల్లో సగానికి పైగా కిలోకు 20 మైక్రోగ్రాముల పరిమితిని దాటాయి. రెండు చోట్లా గింజలు తడిమీద నిల్వచేరాయి, రెండు చోట్లా అవి తిన్నవాళ్లకు వేరే తిండి లేదు. మంచి ఆహారాన్ని ఎంచుకోమన్న సలహా వాళ్లకు ఏ రకంగా పనికొచ్చేది?

పరిమితులు లేవా అంటే ఉన్నాయి. నేరుగా తినే వేరుశనగకు యూరప్ కిలోకు మొత్తం 4 మైక్రోగ్రాముల అఫ్లాటాక్సిన్లను, అందులో బి1 అయితే 2 మైక్రోగ్రాములను మాత్రమే అనుమతిస్తుంది; అమెరికా 20 దాకా ఊరుకుంటుంది. అయితే పరిమితి అన్నది తనిఖీ గుండా పోయే సరుకుకే వర్తిస్తుంది. తాము పండించినదే తాము తినే కుటుంబాల గింజ ఏ తనిఖీ కేంద్రమూ దాటదు. పైగా, ఎగుమతికి కఠినమైన పరిమితి, స్వదేశంలో వదులైన తనిఖీ ఉన్నచోట, మేలైన గింజ ఏ దారి పడుతుందో, మిగిలినది ఎవరి కంచంలోకి చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కఠినమైన సంఖ్యను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన దాని కింద బతికేవాళ్లందరికీ రక్షణ దొరికినట్టు లెక్కవేయకూడదని నా అభిప్రాయం.

నమూనా తీయడంలోనూ పెద్ద చిక్కుంది. ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. బూజు గింజలన్నింటికీ సమానంగా పట్టదు. వేలల్లో కొన్నింటికే పడుతుంది, ఆ కొన్నింటిలో విషం అపారంగా పేరుకుంటుంది. బాగా పాడైన ఒక్క వేరుశనగ గింజలో గ్రాముకు ఒక మిల్లీగ్రాము దాకా విషం ఉండగలదు. అర గ్రాము బరువుండే అలాంటి గింజ ఒక్కటి, మిగతావన్నీ శుభ్రంగా ఉన్న 25 కిలోల బస్తాను కిలోకు 20 మైక్రోగ్రాముల గీత దాకా తీసుకెళ్తుంది. గుప్పెడు గింజలు తీసి పరీక్షిస్తే ఆ గింజ చిక్కకపోవడానికే అవకాశం ఎక్కువ. చిక్కితే మాత్రం ఫలితం భయంకరంగా వస్తుంది. అందుకే ఏ సంస్థయినా పరీక్షలో తేలలేదని చెప్పినప్పుడు, ఎన్ని కిలోలు తీసి, ఎలా మెత్తగా పిండిచేసి కలిపి, ఎన్ని చోట్ల నుంచి ఎత్తారన్నది తెలియకుండా ఆ మాటకు విలువ కట్టలేం. పత్రికల్లో వచ్చే ఫలితాల్లో ఈ వివరం దాదాపుగా ఎప్పుడూ ఉండదు.

ఇంత దుర్మార్గమైన విషానికి విరుగుడు మాత్రం చాలా సాదాసీదాది. మామూలు వంట వేడికి అఫ్లాటాక్సిన్ పూర్తిగా నశించదు కనుక, అది పుట్టకుండా చూడడమే దారి. మొక్కజొన్నలో తేమ సుమారు 13 శాతం లోపు, పొట్టు తీసిన వేరుశనగలో సుమారు 7 శాతం లోపు ఉంచగలిగితే బూజు పెరగలేదు. పశ్చిమ ఆఫ్రికాలోని గినీలో 20 ఊళ్లలో జరిపిన ఒక ప్రయత్నం వివరాలు 2005లో వెలువడ్డాయి. పది ఊళ్లలో రైతులకు వేరుశనగను నేలమీద కాకుండా చాపల మీద ఆరబెట్టడం, పాడైన కాయలు ఏరేయడం, గాలి ఆడే నారసంచుల్లో నింపి చెక్కపలకల మీద పేర్చడం వంటివి నేర్పి, అందుకు కావలసిన సామాను ఇచ్చారు. ఐదు నెలల తర్వాత చూస్తే, మిగతా పది ఊళ్లవాళ్లతో పోలిస్తే ఈ ఊళ్లవాళ్ల రక్తంలో అఫ్లాటాక్సిన్ గుర్తులు సగానికంటే తక్కువగా ఉన్నాయి. చాపలు, సంచులు, చెక్కపలకలు. ఖరీదైన ప్రయోగశాలలకు వార్తల్లో దొరికే చోటులో పదోవంతైనా వీటికి దొరికి ఉంటే బాగుండేది.

చైనాలోని కిడాంగ్ ప్రాంతం అనుభవం ఇంకా పెద్దది. ఒకప్పుడు అక్కడి ప్రధాన ఆహారం మొక్కజొన్న, కాలేయ క్యాన్సర్ అక్కడ విపరీతం. 1980ల్లో ప్రభుత్వ విధానాలు మారి వరి అన్నం అందుబాటులోకి వచ్చాక జనం మొక్కజొన్న తినడం తగ్గించారు. భద్రపరచిన రక్తపు నమూనాలను తర్వాత పరీక్షిస్తే, 1989లో చెప్పుకోదగ్గ స్థాయిలో ఉన్న అఫ్లాటాక్సిన్ గుర్తు, 2009 నాటికి సగటు మనిషిలో పరీక్షకు అందనంతగా పడిపోయింది. హెపటైటిస్ బి టీకా వేయించుకున్న తరం ఇంకా క్యాన్సర్ వయసుకు రాకముందే కాలేయ క్యాన్సర్ మరణాలు తగ్గాయి. అక్కడ ఎవరూ క్యాన్సర్‌కు జడిసి తిండి మార్చుకోలేదు. మెరుగైన తిండి దొరికింది కనుక మారారు. ధాన్యం విపణి నిబంధనలను సడలించిన అధికారులకు తాము క్యాన్సర్ నివారణ చేపట్టామన్న ఊహ ఉండి ఉండదు.

వరి మంచిదే గానీ దానికీ ఒక చిక్కుంది. నీళ్లు నిలిచిన పొలంలో గాలి ఆడని మట్టి నుంచి ఆర్సెనిక్ విడుదలవుతుంది. వరి వేర్లు సిలికాను పీల్చుకునే దారిలోనే దాన్నీ పీల్చుకుంటాయి. అందుకే మిగతా ధాన్యాలకంటే బియ్యంలో ఆర్సెనిక్ ఎక్కువ. అకర్బన ఆర్సెనిక్ చర్మం, ఊపిరితిత్తి, మూత్రాశయ క్యాన్సర్లు తెస్తుందని రుజువైంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ 2014లో పాలిష్ బియ్యానికి కిలోకు 0.2 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. పసిపిల్లల ఆహారం కోసం వాడే బియ్యానికి యూరప్ దాన్ని 0.1కి తగ్గించింది. బరువుకు తగ్గట్టు చూస్తే పిల్లలు పెద్దలకంటే ఎక్కువ తింటారు కనుక అది సబబే. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేస్తే ఆర్సెనిక్ గణనీయంగా తగ్గుతుంది, కొన్ని విటమిన్లూ పోతాయి. ఆ నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే మాత్రం తగ్గకపోగా పెరుగుతుంది.

ఆ నీళ్ల సంగతే ఇందులో అన్నిటికంటే విషాదం. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లు తాగి విరేచనాలతో చనిపోతున్న పిల్లలను కాపాడాలని 1970ల నుంచి అంతర్జాతీయ సంస్థల సాయంతో లక్షల సంఖ్యలో గొట్టపుబావులు వేశారు. క్రిములు లేని ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందో లేదో చూడలేదు. 1990ల్లో బయటపడేసరికి కోట్లాది మంది ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఉన్నారు. తర్వాత దాదాపు 50 లక్షల బావులను పరీక్షించి, సురక్షితమైనవాటికి ఆకుపచ్చ, కానివాటికి ఎరుపు రంగు వేశారు. పక్కపక్కన ఉన్న రెండు బావుల్లో ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ కావడం అక్కడ మామూలే. పరీక్ష చేసి రంగు వేసేదాకా ఆ రెండింటి తేడా తాగేవాళ్లకు తెలిసే వీలే లేదు.

దాణా దారిన వచ్చే ముప్పు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ఏం చేయాలన్నది చాలావరకు తేలిపోయింది. డయాక్సిన్లు అనే క్యాన్సర్ కారక రసాయనాల్లో మనుషులకు అందేవి 90 శాతానికి పైగా మాంసం, పాలు, చేపల వంటి ఆహారం ద్వారానే వస్తాయి. కొవ్వులో చేరి ఏళ్ల తరబడి నిలుస్తాయి. 1999 జనవరిలో బెల్జియంలో, దాణా కోసం సేకరించిన కొవ్వులో, పీసీబీలు అనే పారిశ్రామిక విషరసాయనాలున్న నూనె కలిసింది. దాదాపు 500 టన్నుల దాణాలో సుమారు 50 కిలోల పీసీబీలు, ఒక్క గ్రాము డయాక్సిన్లు దేశంలోని కోళ్ల, పందుల శాలలకు చేరాయి. కోళ్లు జబ్బుపడినా, విషయం జనానికి తెలిసింది మే నెలాఖరులో. జూన్ ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. తర్వాత యూరప్ దాణాకు పరిమితులు, తప్పనిసరి తనిఖీలు తెచ్చింది. అలాంటి గుడ్డును చూసి, వాసన పట్టి, వండి రుచి చూసి కనిపెట్టగలిగినవాడు ఒక్కడూ ఉండడు.

కాబట్టి ఫలానా పదార్థం మానేయాలా అని నన్నెవరైనా అడిగితే, పొగాకు, మద్యం సంగతి ముందు చూసుకోమంటాను. మద్యాన్ని లియోన్ సంస్థ 1988లోనే గ్రూపు 1లో పెట్టింది, తాగేవాడు దాన్ని తానే ఎంచుకుంటాడు, అక్కడ సలహాకు విలువుంది. 1981లో డాల్, పీటో అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అమెరికా క్యాన్సర్ మరణాల కారణాలను లెక్కగట్టినప్పుడు, ఆహారానికి 35 శాతం, ఆహార సంకలితాలకు ఒక శాతం లోపు కేటాయించారు. ఆ 35 శాతాన్ని ఆహారంలోని రసాయనాల వాటాగా చూపించేవాళ్లు తరచూ కనిపిస్తారు. అందులో అతిగా తినడం, పీచు లోపించడం వంటివన్నీ ఉన్నాయి, పైగా అది 10 నుంచి 70 దాకా ఎంతైనా కావచ్చని వాళ్లే రాసుకున్నారు.

మిగిలినవాటి కోసం పాలకులను అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎన్ని నమూనాలు, ఏ పద్ధతిలో తీశారో, వాటిలో ఎన్ని పరిమితి దాటాయో ఏటా బయటపెట్టాలి. ఎగుమతికి పనికిరాదని తిరిగొచ్చిన సరుకు ఏమైందో లెక్క ఉండాలి. తనిఖీ కేంద్రం ముఖం చూడని గింజ కోసం ఊళ్లో ఆరబెట్టే వసతి ఉండాలి, కొత్తగా వేసే ప్రతి బావికీ ఆర్సెనిక్ పరీక్ష ఉండాలి. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. అయినా వెనకబడిపోవడానికి ఒక కారణం చిలీ అనుభవంలో కనిపిస్తుంది. ఆ దేశంలోని అంటోఫగాస్టా నగరానికి 1958లో కొత్త నదుల నుంచి నీళ్లు మళ్లించారు. ఆ నీళ్లలో లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంది, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే 10కి ఇది 86 రెట్లు. 1970లో శుద్ధి కేంద్రం కట్టాక స్థాయి బాగా పడిపోయింది. కానీ ఆ పన్నెండేళ్లూ అక్కడ బతికినవాళ్లలో ఊపిరితిత్తి, మూత్రాశయ క్యాన్సర్ల ముప్పు, మంచి నీళ్లు వచ్చిన 40 ఏళ్ల తర్వాత కూడా ఎక్కువగానే ఉందని 2013లో వెలువడిన అధ్యయనం తెలిపింది. తప్పు చేసినవాళ్లు పదవిలో ఉండగా దాని ఫలితం కనిపించలేదు. దిద్దినవాళ్లకు తమ హయాంలో దాని లాభమూ కనిపించలేదు. గింజలు ఆరబెట్టడానికి, బావుల పరీక్షలకు అయ్యే ఖర్చును ఏటా కొత్తగా వాదించి గెలుచుకునే పద్దుగా వదిలేయకుండా, ఏ ప్రభుత్వం వచ్చినా తప్పించుకోలేని చట్టబద్ధమైన బాధ్యతగా రాయాలని నేను కోరేది ఈ నలభై ఏళ్ల ఎడం వల్లనే.